ఆనందమ్మ ఇంటి మధ్యాహ్నాలు

ఇల్లు చూడకుండానే ఇంటి గురించి రాయడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాళ్లు అందరికీ వెబ్‌సైట్లు కట్టిస్తారు. నేను నారాయణఖేడ్‌లో మా వెనక గదిలో కూర్చుని వాటిలోకి తెలుగు మాటలు నింపుతాను. ప్లాట్లు, పెళ్లి హాళ్లు, పళ్ల డాక్టర్లు. జన్మలో అడుగుపెట్టని వెంచర్ గురించి ‘ప్రకృతి ఒడిలో మీ కలల సౌధం’ అని రాసి, టీ చల్లారేలోపు పంపించేదాన్ని. అలాంటిది, రోజూ చూసే ఒక ఇంటి గురించి ఒక్క పేజీ రాయడానికి ఆ వానకాలం నా ప్రాణం తోకకొచ్చింది.

ఆ ఇల్లు ఆనందమ్మది. బస్సు డిపో వెనక గల్లీలో ఉంటుంది. ముందు రేకుల వసారా, లోపల బండలు పరిచిన పొడుగాటి గది. ఒకప్పుడు ఆమె ఏదో బడిలో ఆయాగా చేసేది. అది మానేశాక చుట్టుపక్కల తల్లులు పిల్లల్ని తెచ్చి ఆమె దగ్గర దింపడం మొదలుపెట్టారు. ఆఫీసుకి పోయే తల్లి పిల్ల పక్కనే కలుపుకి పోయే తల్లి పిల్లవాడు పడుకునేవాడు. గోడ మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న ఏసుప్రభు పటం, దాని కింద వరసగా చాపలు. మా పిల్లవాడు అప్పయ్యది చివరి చాప, గోడ పక్కన.

ఆ ఇంట్లో మధ్యాహ్నం వేరుగా ఉండేది. పిల్లలు కిచిడి తిని, ముఖాలు కడిగించుకుని చాపల మీదికి చేరగానే ఆనందమ్మ కిటికీకి పాత ఆకుపచ్చ చీర అడ్డం వేసేది. గదంతా చెరువు అడుగున ఉన్నట్టు పచ్చగా అయిపోయేది. బస్టాండు మైకులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పే గొంతు ఎక్కడో నీళ్ల అవతల నుంచి వస్తున్నట్టు వినపడేది. రేకుల మీద వాన ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. పిల్లని తీసుకుపోదామని వచ్చి గడప మీదే కునుకు తీసిన తల్లులని నేను చూశాను. ఏడ్చే పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారు గానీ, మధ్యాహ్నం నిద్రపోని పిల్ల లేదు.

ఈ సంగతి చెబితే మా అత్తమ్మ సిద్దమ్మ మూతి తిప్పేది. మామ పోయినప్పటి నుంచి ఆమెకి నిద్ర లేదు. సంగారెడ్డి డాక్టర్ ఇచ్చిన గోళీలు అయ్యాయి, నాగల్‌గిద్ద నుంచి పుట్టింటివాళ్లు పంపిన పసరు అయింది. “కండ్లు మూసుకుంటయి గని లోపట తెరుసుకునే ఉంటయి,” అనేది. నుదుట విభూతి తప్ప ముఖాన మరేమీ లేకుండా, కోడి కూయకముందే లేచి వాకిట్లో కూర్చునేది.

మామ పేరు బస్వరాజ్. ఆయన పోయినప్పుడు పిల్లవాడు నా కడుపులో ఉన్నాడు, అందుకని వాడికి ఆ పేరే పెట్టాం. పెట్టడం వరకే. అత్తమ్మ మొగుడి పేరు ఎన్నడూ నోటితో పలికిన మనిషి కాదు. ఆయన పోయాక ఆమె ముందు ఆ పేరు పలకడానికి మాకూ నోరు రాలేదు. అందుకని వాడు ఇంట్లో అప్పయ్య అయ్యాడు. ఆధార్ కార్డులో, దవాఖాన చీటీలో తప్ప బస్వరాజ్ అన్న మాట మా గడప లోపల లేదు.

మిరుగు కార్తె తొలి వానలు మొదలైన రోజుల్లో ఆనందమ్మ బిడ్డ రోజ సెలవుకి ఊరొచ్చింది. నర్సింగ్ చదువుతోంది, చేతిలో ఫోన్ లేకుండా అన్నం కూడా తినదు. ఒక సాయంత్రం నన్ను వసారాలో ఆపింది.

“అక్కా, బదిలీ మీద కొత్తగ వచ్చేటోళ్లు ఇప్పుడు ఎవ్వర్ని అడుగుతలేరు, ఫోన్ల వెతుకుతుండ్రు. ఫోన్ల లేకుంటే మా అమ్మ లేనట్టే. సైటు నేను జేస్త, మాటలు నువ్వు రాసియ్యి. పేరు లిటిల్ ఏంజెల్స్ అనుకుంటున్న.”

లోపల అదే సమయానికి మా అప్పయ్య పక్కవాడి చెవి కొరికాడు. ఆనందమ్మ వాళ్లిద్దరినీ విడదీస్తూ, “గీళ్లు ఏంజెల్సా?” అంది.

పేరు ‘ఆనందమ్మ ఇల్లు’ అని ఖాయమైంది. రాయడం నాకేం పని, అదే రాత్రి రాసేసి మర్నాడు వినిపించాను. “ప్రశాంతమైన వాతావరణంలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, మీ చిన్నారుల సర్వతోముఖాభివృద్ధే మా ధ్యేయం…” ఆనందమ్మ చాటలో బియ్యం ఏరుతూ చివరిదాకా శ్రద్ధగా వింది.

“మంచిగున్నది బిడ్డా,” అంది. “గిదెవరి ఇల్లు?”

రోజ పడీపడీ నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఇన్ని సైట్లకి రాశాను, ఎవరి ఇల్లని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

“నీ ఇంట్ల ఏమేం ఉంటయో నువ్వే చెప్పు చిన్నమ్మా, గదే రాస్త,” అన్నాను మూతి ముడుచుకుని.

“నేను చెప్తే ఏం తెలుస్తది? వచ్చి కూసొని సూడు,” అంది.

అలా ఆ వానకాలం నా ఆఫీసు ఆనందమ్మ వసారాలోకి మారింది. లాప్‌టాప్‌లో కంపెనీ పని ఒక కిటికీలో, ఆమె పేజీ ఇంకో కిటికీలో తెరుచుకుని ఉండేవి. రేకుల అంచు నుంచి నీళ్లు ధారగా కారుతుంటే నేను లోపలికి చూస్తూ కూర్చునేదాన్ని. రాసింది తక్కువ, చూసింది ఎక్కువ. పిల్లలు పడుకునే ముందు ఆమె ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి, చిన్న గొంతుతో ప్రార్థన చేసేది. ముద్దుపేరు కాదు, నిండు పేరు. పిల్ల చేరిన మొదటి రోజే తల్లిని అడిగి తెలుసుకునేది.

“పండు, చిట్టి అని చెప్తే ఎవరి సంగతో దేవునికెట్ల తెలుస్తది? ఊరినిండ పండులే ఉంటరు,” అనేది.

పిల్లలు గాఢంగా నిద్రపోయాక ఇంకో పని చేసేది. అది నేను చాలా రోజులు గమనించలేదు. అలమార మీద నుంచి కాటుక డబ్బా తీసి, వరస వెంట మోకాళ్ల మీద జరుగుతూ ఒక్కొక్కరికి దిష్టి చుక్క దిద్దేది. పొద్దున తల్లులు పెట్టి పంపిన చుక్కలు కిచిడి తిన్నాక ముఖాలు కడిగేటప్పుడు పోయేవి కదా, వాటిని మళ్లీ పెట్టేది. ఒకరికి చెంప మీద, ఒకరికి అరికాలిలో, ఒకరికి చెవి వెనక, ఏ తల్లి ఎక్కడ పెడితే అక్కడే. నేను నోరు తెరుచుకుని చూశాను.

“చిన్నమ్మా, నీకు దిష్టి మీద నమ్మకం ఉన్నదా?”

“నాకెందుకుంటది? వాళ్ల అవ్వలకున్నది. పొద్దుగాల పెట్టి తోలిన చుక్క మాపటికి లేకుంటే ఆ తల్లికి నిద్ర పడ్తదా?” అని, వెంటనే గొంతు తగ్గించింది. “గిది మాత్రం రాయకు. మా చర్చి సంఘపోళ్లకు తెలిస్తే మంచిగుండదు.”

ఆషాఢం నడుమకి రాగానే గొడవ మొదలైంది. ఎవరో ఊరి వాట్సాప్ గ్రూపులో గొంతు మార్చి ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. డిపో వెనక ఒక ఇంట్లో మన పిల్లలకి చెవిలో మంత్రాలు ఊది మతం మారుస్తున్నారట, తల్లులు జాగ్రత్తగా ఉండాలట. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, డిపో వెనక పిల్లల ఇల్లు ఇంకెక్కడుంది? రెండు చాపలు ఖాళీ అయ్యాయి. మర్నాడు ఇంకొకటి. ఆనందమ్మ ఆ చాపలని చుట్టి మూలన పెట్టలేదు, రోజూ పరుస్తూనే ఉండేది.

నేను నా తెలివి చూపించాను. పేజీని కొత్తగా, చాలా అందంగా రాశాను. ఆకుపచ్చ వెలుగు ఉంది, వాన చప్పుడు ఉంది, వేడి కిచిడి ఉంది. ఏసు లేడు, ప్రార్థన లేదు. రోజకి తెగ నచ్చింది. ఆనందమ్మ విని తల అడ్డంగా ఊపింది.

“నా ఇంట్ల ప్రభువు పటం ఉన్నదా లేదా?”

“ఉన్నది గని చిన్నమ్మా, గిప్పుడున్న పరిస్థితిల…”

“పటం గోడకుండి సైటుల లేకుంటే, సైటు సూసి వచ్చినోళ్లు గడపల నిలవడి ఏమనుకుంటరు? దాసిపెట్టిందనరా? ఉన్నది వాకిట్లనే చెప్పాలె. చెప్పినంక ఇష్టమున్నోళ్లు వస్తరు, లేనోళ్లు పోతరు.”

“ప్రార్థన వద్దన్నోళ్లుంటే?”

“వద్దంటే మనసుల చేసుకుంట. నెత్తి మీద చెయ్యి గూడ పెట్టొద్దంటే మాత్రం నాతోని కాదు.”

నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, ముద్దూ వచ్చింది. అంత పట్టుదల మనిషి కాటుక డబ్బా సంగతికి మాత్రం ఎందుకు గొంతు తగ్గిస్తుందో అడుగుదామనుకున్నాను. ఖాళీ చాపలు చూసి అడగలేదు.

ఆ వాయిస్ మెసేజ్ మా ఇంటికీ వచ్చింది. ఎదురింటి శంకరమ్మ మా అత్తమ్మ చెవి దగ్గర ఫోన్ పెట్టి మరీ వినిపించింది. ఆ సాయంత్రం అత్తమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె అలా కూర్చుంటే పంచాయితీ ఉన్నట్టే.

“శ్రావణం ఎక్కినంక అప్పయ్య ఆ ఇంటి మొఖం సూసేది లేదు.”

“అత్తమ్మా, వాడు ఇంట్ల ఉంటే నా ఉద్యోగం…”

“నీ ఉద్యోగం కోసం వాన్ని ఎవరి చేతుల్నన్న పెడ్తవా? వాడు ఎవరనుకుంటున్నవ్?” అంది. వాడు ఎవరో ఆమె చెప్పలేదు. మాకు తెలుసు.

నేను మా ఆయన శివరాజ్ వైపు చూశాను. ఇలాంటి సమయాల్లో ఆయన చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ ఉండిపోతాడు. ఆ రోజు మాత్రం పుణ్యం కట్టుకున్నాడు.

“ఊకె పరేషానెందుకే అవ్వా? నువ్వే ఒక్కపారి పొయ్యి నీ కండ్లతోని సూసి రారాదు?”

“పోత. అడ్డమైనయి ఏమన్న కండ్లవడ్డయనుకో, అప్పటికప్పుడు సంకనేసుకొని వస్త,” అంది అత్తమ్మ.

మర్నాడు పొద్దుటి నుంచే ఆకాశం నేలకి దిగింది. దారంతా అత్తమ్మ గొడుగు పట్టుకుని ముందు, అప్పయ్యని ఎత్తుకుని నేను వెనక. ఆ నెల కంపెనీ పని, ఆనందమ్మ పేజీ, మా పిల్లవాడి చాప, అన్నీ ఆ ముసలి మనిషి కళ్లల్లోనే ఉన్నాయి.

ఆనందమ్మ కుర్చీ తెచ్చి వేసింది. అత్తమ్మ దాన్ని కాదని గోడకి ఆనుకుని, అప్పయ్య చాప పక్కన బండల మీద కూర్చుంది. ఏసుప్రభు పటాన్ని ఎగాదిగా చూసింది. కిచిడి గిన్నెలోకి తొంగి చూసింది. అప్పయ్య ఆమెని చూసి ఒకసారి నవ్వి, మళ్లీ తన పనిలో పడ్డాడు. ఎవరూ ఎవరి చెవిలోనూ ఏమీ ఊదలేదు.

“మోకాళ్లు గుంజుతున్నయా అక్కా?” అని అడిగి, ఆనందమ్మ ఒక ఖాళీ చాపని తెచ్చి గోడ పక్కన పరిచింది.

“నేను పండుకోను,” అంది అత్తమ్మ. కాసేపటికి, “కాళ్లు సాపుకుంట అంతే,” అని నడుం వాల్చింది.

ఆకుపచ్చ చీర కిటికీకి అడ్డం పడింది. కరెంటు పోయింది. రేకుల మీద వాన ఒకే రకంగా, విసుగు లేకుండా పడుతోంది. ముందురోజు సంఘంలో రాత్రంతా ప్రార్థన ఉండటంతో ఆనందమ్మ కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. అయినా వరస వెంట వచ్చింది. ఒక్కో తల మీద చెయ్యి, ఒక్కో పేరు. మా వాడి దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో వాడి పేరు ఏమిటో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

“ప్రభువా, గీ బస్వరాజుకు మంచి నిద్ర ఇయ్యి,” అంది ఆనందమ్మ. “బస్వరాజుకు ఏ భయం లేకుండ సూడు. ఈయన కోసం ఇంటికాడ ఎదురుసూసేటోళ్లున్నరు, వాళ్లకు గూడ నిమ్మళం ఇయ్యి.”

అత్తమ్మ కళ్లు తెరుచుకున్నాయి. మూడేళ్లుగా మేం దాచిన పేరు ఆ గదిలో రెండుసార్లు వినపడింది. అయిపోయింది, ఇక లేచి పిల్లవాడిని సంకన వేసుకుంటుంది అనుకున్నాను. లాప్‌టాప్ మూసి లేవబోయాను కూడా. అత్తమ్మ లేవలేదు. చీర కొంగు ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. భుజం కాసేపు కదిలింది. తర్వాత అది కూడా ఆగింది.

నేను వసారా స్తంభానికి ఆనుకుని ఉన్నాను. వాన చప్పుడులో బస్టాండు మైకు గొంతు బీదర్ అంటోంది, మనూర్ అంటోంది, ఆ ఊళ్లన్నీ నీళ్ల మీద తేలుతూ పోతున్నట్టుగా ఉంది. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలీదు. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో మెలకువగా ఉన్నది ఆనందమ్మ ఒక్కతే. ఆమె కూడా సగమే.

నేను లేచేసరికి తల్లులు వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు. ఆనందమ్మ గుమ్మంలోనే నిలబడి వేలు పెదవి మీద పెట్టుకుని, “మెల్లగ, పెద్దమ్మ పండుకున్నది,” అని ఒక్కొక్కరికీ చెబుతోంది. లోపల అత్తమ్మ గురక పెడుతోంది. నిజమైన గురక. ఆ చప్పుడు మా ఇంట్లో మేం విని ఎంత కాలమైందో! నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

దీపాల వేళకి అప్పయ్యే ఆమె మీద ఎక్కి లేపాడు. అత్తమ్మ లేచి కూర్చుని, ఎక్కడుందో తెలియక, పుట్టింటి కన్నడంలో ఏదో అడిగింది. తర్వాత మమ్మల్ని గుర్తుపట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. నేను పరుగున వెనక వెళ్లాను. కిరాణా కొట్టు లైటు కింద ఆమె ముఖం చూసి గతుక్కుమన్నాను. కుడి చెంప మీద, శెనగ గింజంత, గుండ్రంగా నల్లటి చుక్క ఉంది.

ఏం జరిగి ఉంటుందో తెలుస్తూనే ఉంది. చీకటి గది, నిద్రమత్తు, అలవాటు పడిన వేలు. గోడ పక్కన ముడుచుకుని పడుకున్న చిన్న మనిషి. వరస అయిపోయిందని ఆ వేలికి తెలియలేదు. చెబుదామని నోరు తెరిచి, అత్తమ్మ నడక చూసి మూసుకున్నాను. ఎదురింటి శంకరమ్మ మాత్రం ఊరుకుంటుందా?

“ఏం సిద్దమ్మా, గియ్యాల మొఖం మస్తు కళగ ఉన్నది!” అని కిసుక్కున నవ్వింది.

అత్తమ్మ విసురుగా లోపలికి వెళ్లి గోడ అద్దం ముందు నిలబడింది. నేను వంటింట్లో గిన్నె పట్టుకుని, పిడుగు ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నాను. అద్దం ముందు ఆమె చాలాసేపు ఉంది. చెయ్యి చెంప దాకా పోయింది, తగలకుండానే దిగింది. తర్వాత బయటికి వచ్చి, “అప్పయ్యకు పాలు పెట్టు,” అంది. అంతే. మర్నాడు పొద్దున ముఖం కడుక్కుని విభూతి పెట్టుకున్నాక కూడా ఆ చుక్క మసకగా అక్కడే ఉంది. చెంప మీద నీళ్లు పడలేదని నాకు అర్థమైంది.

“నేను గూడ వస్త,” అంది గొడుగు తీస్తూ.

ఆనందమ్మ ఆమెని గుమ్మంలో చూసింది, చెంప చూసింది, చేతిలో గిన్నె కింద పెట్టేసింది. ముఖం తెల్లబోయింది.

“అయ్యో అక్కా! గిది నేనే పెట్టిన్నా? వరసల ఉంటే పిల్లనే అనుకున్న. కావాలని జెయ్యలే, నీ తోడు. మా దాంట్ల గిసొంటిది లేనే లేదు, మీ దాంట్ల గూడ మీ అసొంటోళ్లకు… తప్పయింది అక్కా.”

విధవ అనే మాట ఆమె నోటికి రాలేదు. అత్తమ్మ ఆమెని తేరిపార చూసింది.

“మా అవ్వ ఎడమ చెంపకు పెడ్తుండె,” అంది అత్తమ్మ.

అత్తమ్మ చెప్పులు విడిచి లోపలికి పోయి, ఎవరో పిల్ల లాగేసిన చాప అంచు సరిచేసి, అలవాటైన ఇంట్లో లాగా గోడ పక్కన కూర్చుంది. ఆనందమ్మ నా వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు, పెదవుల మీద నవ్వు.

“బిడ్డా, ఆ సైటుల కాటుక సంగతి గూడ రాయి.”

“సంఘపోళ్లు?”

“అడిగితే చెప్పుకుంట. వాకిట్లనే చెప్పాలె అంటి గదా. ఒకళ్లకొక తీరు, ఇంకొకళ్లకొక తీరు చెప్తే నడువది.”

ఆ రోజే రాశాను. ఎక్కడా నా పాత అలవాటు మాటలు దూరనివ్వలేదు. ఇదీ ఆ పేజీ.

‘రండి. ఇది ఆనందమ్మ ఇల్లు. డిపో వెనక గల్లీలో, రేకుల వసారా ఉన్నది. లోపల గోడ మీద ఏసుప్రభు పటం ఉంటుంది. ఆనందమ్మ ఆయన్ని నమ్ముతుంది, మీరు ఎవరిని నమ్ముతారో అడగదు. మీ పిల్ల నిండు పేరు మాత్రం అడుగుతుంది. మధ్యాహ్నం పడుకోబెట్టే ముందు తల మీద చెయ్యి పెట్టి, ఆ పేరుతో మంచి నిద్ర కోసం ప్రార్థన చేస్తుంది. మీరు వద్దంటే మనసులో చేసుకుంటుంది. చెయ్యి మాత్రం పెడుతుంది. తిండి కిచిడి, పప్పు, పాలు. పొద్దున మీరు పెట్టి పంపిన దిష్టి చుక్క ముఖం కడిగితే పోతుంది, ఆమె మళ్లీ అక్కడే పెడుతుంది. మీరు పెట్టకపోతే ఆమె పెట్టదు. ఇక్కడ నిద్రపోని పిల్లలు ఇంతవరకు లేరు.’

చదివి వినిపిస్తే ఆనందమ్మ ఈసారి ఎవరి ఇల్లని అడగలేదు. గోడ పక్క నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది.

“ఇంకొకటి రాయి. పిల్లను ఇడువనీకి వచ్చినోళ్లు అలిసిపోతే జరసేపు పండుకోవచ్చని రాయి. సాపలున్నయి.”

రాశాను. చివరి వాక్యం ఆమెదే.

పేజీ పెట్టాక ఒకాయన ఫోన్ చేసి తిట్టాడు. సంఘం పెద్దాయన ఒకరు కాటుక సంగతి అడగడానికి వచ్చి, టీ తాగుతూ చాలాసేపు కూర్చుని వెళ్లాడు. పోయినవాళ్లలో ఒక తల్లి తిరిగొచ్చింది, మిగతావాళ్లు రాలేదు. బదిలీ మీద వచ్చిన దవాఖాన నర్సు ఒకామె, నైట్ డ్యూటీ దిగి, ఫోన్‌లో ఆ పేజీ పట్టుకుని పిల్లతో సహా గుమ్మంలో నిలబడింది. మొదట అడిగింది పిల్ల గురించి కాదు.

“ఇక్కడ పండుకోవచ్చు అని రాసిండ్రు. నిజమేనా?”

ఆనందమ్మ ఒక ఖాళీ చాప చూపించింది.

శ్రావణం ఎక్కింది. అప్పయ్యని ఆ ఇంటికి పంపేది లేదన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో రాత్రిళ్లు అత్తమ్మకి ఇప్పటికీ నిద్ర అంతంతే. అందుకే వాడిని దింపే పని ఆమె తీసుకుంది, దింపి మాపటిదాకా రాదు. నేను మాత్రం వసారా వదల్లేదు. ఆ వానకాలంలో నాకు బాగా గుర్తున్న మధ్యాహ్నం, పెసర చేల మీద ముసురు పట్టిన రోజు. ఆకుపచ్చ వెలుగులో ఆనందమ్మ వరస వెంట వస్తూ ఒక్కో తల మీద చెయ్యి పెడుతోంది. బస్వరాజు పేరు వినపడినప్పుడు అత్తమ్మ ఈసారి కొంగు లాక్కోలేదు. కళ్లు మూసుకుని విన్నది. ఇన్నాళ్లూ గోడ వైపు తిరిగి పడుకునే మనిషి మెల్లగా ఇటు ఒత్తిగిలింది, పిల్లల వైపు, ఎడమ చెంప పైకి వచ్చేలా.